వెనక గది పిల్ల

పరీక్షకు వెళ్ళే పిల్లకు ఏ తల్లయినా ఎక్కాలు గుర్తు చేస్తుంది, అక్షరాలు గుర్తు చేస్తుంది. హోర్తెన్సియా మర్యాదలు గుర్తు చేసింది. కొంప మునిగింది అక్కడే.

"పెద్దాయన గదిలోకి రాగానే ఏం చెయ్యాలి?" కూతురి జడ బిగించి అల్లుతూ అడిగింది.

"లేచి నిలబడాలి," అంది నేలి.

"కళ్ళు ఎక్కడుండాలి?"

"కింద."

"ఆయన ఏదన్నా ఇస్తే?"

"ముందు వద్దండీ అనాలి. మళ్ళీ ఇస్తే అప్పుడు తీసుకోవాలి."

"ఆఁ. మొదటిసారే చెయ్యి చాపితే ఇంట్లో తిండికి లేదనుకుంటారు. ఇంకా?"

"ఎదురు చెప్పకూడదు. తెలిసినా తెలిసినట్టు ఎగిరెగిరి పడకూడదు. ఎవరికన్నా ఏదన్నా లోపం ఉంటే చూడనట్టుండాలి." నేలి ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. "అమ్మా, అంత లాగకే! కళ్ళు పైకి పోతున్నాయి. ఇంక కిందికెలా చూడను?"

హోర్తెన్సియా నవ్వు ఆపుకుని నెత్తిన చిన్న మొట్టికాయ వేసింది.

నేలికి ఎనిమిదేళ్ళు. బడి పుస్తకంలో పేరు నేలిదా అర్రియాగా. శనివారాలు చర్చిలో సిస్టరమ్మ దగ్గర స్పానిష్ చదవడం నేర్చుకుని, రైలు పట్టాలకు ఇవతలి వీధి మొత్తానికి ఉత్తరాలు చదివిపెట్టేది. మెక్సికో నుంచి ఉత్తరం రాగానే ముసలమ్మలు కవరు పట్టుకుని వీళ్ళ గుమ్మంలో కూర్చునేవాళ్ళు. చావు కబురైతే గొంతు తగ్గించి, పెళ్ళి కబురైతే గొంతు పెంచి చదివేది. అది ఎవరూ నేర్పిన విద్య కాదు. అలాంటి పిల్ల పట్టాలకు అవతల తెల్లవాళ్ళ పేటలోని బడిలో మాత్రం నోరు విప్పేది కాదు. విప్పితే ఇంగ్లీషే రావాలి, స్పానిష్ వచ్చిందా మూల నిలబెడతారు. ఏ భాష బయటికొస్తుందో తనకే నమ్మకం లేక నోరు మూసుకుని కూర్చునేది. అందుకే ఎవరో పెద్దాయన వచ్చి పరీక్ష పెడతాడని విట్లో అనే టీచరమ్మ కబురు పంపింది.

మెక్సికో సరిహద్దుకు ఇవతల, తెల్లవాళ్ళ వైపున్న లానో వెర్దే ఊరి చుట్టూ కనుచూపు మేర లెట్యూస్ ఆకుకూర పొలాలే. హోర్తెన్సియా ఆ పొలాల్లో పొట్టి తొలికతో మొక్కలు పలచన చేసే పని చేస్తుంది. పిడి జానెడుంటుంది, రోజంతా నడుము రెండుగా మడిచి నడవాల్సిందే. పొడుగు పిడి పెట్టొచ్చు కదా అని అడిగినవాళ్ళకు మేస్త్రీ నవ్వి ఊరుకునేవాడు. పొట్టి పిడి అయితే ఎవరు నడుమెత్తారో ట్రక్కులో కూర్చునే కనిపెట్టవచ్చు. ఈ నడుం నొప్పి కూతురికి రాకూడదు, అది బల్ల ముందు కూర్చుని చేసే ఉద్యోగం చెయ్యాలి, దానికి చదువు కావాలి. హోర్తెన్సియా జీవితంలో అంతకు మించి ఏ కోరికా లేదు. నేలి జడ అంత బిగించి అల్లింది కూడా అందుకే.

సాయంత్రం నేలి ఎగురుకుంటూ వచ్చింది.

"బుద్ధిగా ఉన్నావా?"

"ఓ, చాలా బుద్ధిగా ఉన్నా. ఒక్కసారి కూడా మొహం చూళ్ళేదు. ఆయన బూట్లకి సన్న సన్న చిల్లులున్నాయమ్మా, పువ్వులాగా."

"కోప్పడ్డాడా?"

"లేదు. నవ్వుతూ రాసుకున్నాడు."

హోర్తెన్సియా కడుపు నిండిపోయింది. ఆ పూట పిండి వంట చేసి, దాల్చినచెక్క కలిపిన చక్కెర చల్లి పెట్టింది.

కొన్నాళ్ళకు విట్లో టీచరమ్మ పిలిపించింది. ఆమెకు వంటింటి స్పానిష్ వచ్చు, ఇంట్లో పనిమనిషితో మాట్లాడీ మాట్లాడీ అబ్బింది. చెడ్డ మనిషి కాదు. ఆ మాట కూడా చెప్పాలి, చెడ్డ మనిషయితే పని సులువయ్యేది. నేలిని వేరే గదికి మారుస్తున్నామంది. తక్కువ మంది పిల్లలు, ఒక్కొక్కళ్ళని దగ్గర కూర్చోపెట్టుకుని చూస్తారంది. "మీకు సమ్మతమేనా?" అని అడిగింది.

అమ్మ తర్వాత అమ్మ లాంటిది టీచరమ్మ. ఆవిడ అడిగాక కాదనడం మావాళ్ళకు చేతకాదు. పైగా కాదనడానికేముంది, కూతుర్ని అందరిలోంచి ఏరి వేరే గదిలో కూర్చోపెడతామంటుంటే! హోర్తెన్సియా తల వంచి అవునంది. రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పింది. ఆదివారం కూర్చుని మొక్కజొన్న పిండితో తమాలెలు చుట్టి, ఆవిరికి ఉడికించి, గుడ్డలో మూట కట్టి తీసుకెళ్ళింది. టీచరమ్మ ఒక్కసారి కూడా వద్దనకుండా ఠక్కున అందుకుంది. ఇదేం మర్యాద అని హోర్తెన్సియా విస్తుపోయింది, అంతలోనే పోనీలే, వాళ్ళ పద్ధతి వాళ్ళది అని సర్దుకుంది.

వీధిలో చెప్పుకుంది కూడా. "మా నేలిని ఏరి తీశారు అక్కా," అని పక్కింటావిడ చూస్‌తో ఒకటికి రెండుసార్లు అంది. చూస్ మొహం మాడ్చుకుంది. ఆమె కొడుకుని ఎవరూ ఏరి తీయలేదు మరి.

ఆ గది బడి వెనకాల, భోజనాల హాలు దాటాక, బాయిలర్ పక్కన ఉంది.

మొదటి నెలల్లో నేలి రంగు కాగితాల గొలుసులు తెచ్చేది. తర్వాత బంకమట్టి పిట్టలు. తర్వాత ఏమీ తెచ్చేది కాదు. వేళ్ళ చివర్లు మాత్రం నానిపోయి తెల్లగా ఉండేవి.

"ఏంటే ఈ చేతులు?"

"భోజనాల పళ్ళాలు కడుగుతాం. నేను బాగా కడుగుతానని మా గది మేడమ్ అందరి ముందూ చెప్పింది."

తండ్రి చోన్ చలికాలమంతా లెట్యూస్ కోతల వెంట ఎడారి వైపు పోయి, వసంతానికి తిరిగొచ్చాడు. వచ్చినవాడు పిల్ల సంచి తలకిందులుగా దులిపి చూశాడు.

"పుస్తకమేదే?"

"మా గదిలో పుస్తకాలుండవు నాన్నా."

చోన్ భార్య వైపు చూశాడు. హోర్తెన్సియా సంచి అందుకుని మేకుకి తగిలించింది. "అంతా దగ్గర కూర్చోపెట్టుకుని నోటితో చెప్తారేమో," అంది. అన్నాక తనకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లోనే చూస్ కూతురు డెల్ఫీనా కాలేజీ నుంచి సెలవులకు వచ్చింది. ఖాకీ చొక్కా, మగాడి బూట్లు, చొక్కా మీద పిడికిలి బొమ్మ. ఇల్లిల్లూ తిరిగి, మెక్సికో మూలాల వాళ్ళం, మనం చికానోలం, చికానోలం అని చెప్పడం మొదలుపెట్టింది.

"ఛీ, ఆ మాట అనకు," అంది హోర్తెన్సియా చేతిలో పిండి అలాగే ఉంచుకుని. "మా నాన్న వింటే మూతి పగలగొట్టేవాడు. మోటు మనుషుల్ని తిట్టే మాట అది."

"తిట్టిన మాటనే ఎత్తి నెత్తిన పెట్టుకున్నాం పిన్నీ. మెక్సికో పోతేనేమో మీకు స్పానిష్ రాదు పొమ్మని ఎగతాళి చేస్తారు. ఇక్కడేమో మెక్సికో పొమ్మంటారు. మరి మనమెవరం?"

"మేం అర్రియాగాలం. చాలదూ?"

చోన్ పకపకా నవ్వాడు. డెల్ఫీనా కూడా నవ్వింది. నవ్వుతూనే మూల కూర్చున్న నేలిని చూసి, "నీది ఏ గదే బుజ్జీ?" అని అడిగింది. వెనక గది అని నేలి చెప్పగానే ఆ అమ్మాయి నవ్వు పోయింది.

"ఆ గదిలో తెల్లపిల్లలెవరైనా ఉన్నారా?"

నేలి ఆలోచించి లేరంది. పేర్లు చెప్పమంటే చెప్పింది. అన్నీ పట్టాలకు ఇవతలి పేర్లే.

"పిన్నీ," అంది డెల్ఫీనా, "అది మొద్దుల గది. బుర్ర ఎదగని పిల్లల్ని పడేసే గది. అందులోకి పోయిన పిల్ల మళ్ళీ మామూలు క్లాసుకి రావడం నేను చూళ్ళేదు. పళ్ళాలు కడగడం, ఊడవడం నేర్పి పదహారేళ్ళకి పంపించేస్తారు. నీకెవరూ చెప్పలేదా?"

హోర్తెన్సియా చేతిలో పిండి ముద్ద ఎండిపోయింది. ఎవరూ చెప్పలేదని అనబోయింది. టీచరమ్మ అడిగినప్పుడు తను తలూపిన సంగతి, తమాలెల మూట సంగతి గుర్తొచ్చి ఆ మాట మింగేసింది. చోన్ అన్నం ముందునుంచి లేచి వాకిట్లోకి పోయాడు. "కొరియా యుద్ధంలో నా చేతికి తుపాకీ ఇచ్చినప్పుడు, మొద్దు సంతానం పుడుతుంది నీకు అని ఎవడూ అనలేదే!" అని అక్కడినుంచే గట్టిగా అరిచాడు. ఎవరి మీద అరుస్తున్నాడో అతనికీ తెలీదు, ఎదురుగా ట్రక్కు తప్ప ఏమీ లేదు.

హోర్తెన్సియా కూతుర్ని ఒళ్ళో కూర్చోపెట్టుకుంది. "ఆ రోజు పరీక్షలో ఏం జరిగిందో మొత్తం చెప్పవే. మర్యాద సంగతి కాదు, ఏమడిగాడో చెప్పు."

నేలికి అంతా గుర్తుంది. అన్నీ గుర్తుంచుకునే పిల్ల అది.

"చెక్క ముక్కలు ముందుకి తోసి తీసుకో అన్నాడు. వద్దండీ అన్నా. మళ్ళీ ఇవ్వలేదు, లోపల పెట్టేసుకున్నాడు."

"ఊఁ."

"వారానికి ఎన్ని రోజులు అని అడిగాడు. అంత పెద్దాయనకి తెలీకుండా ఉంటుందా అమ్మా? నేను చెప్తే ఎగిరిపడ్డట్టుంటుందని ఊరుకున్నా."

"ఊఁ."

"తర్వాత బొమ్మలు చూపించాడు. ఒక తాత బొమ్మ. ఇందులో ఏం లేదో చెప్పు అన్నాడు. తాతకి ఒక చెవి లేదు." నేలి గొంతు తగ్గించింది. "పాపం, ఎవరి తాతో. నువ్వు చెప్పావుగా, మన వీధి ఎలిసేయో తాత చేతికి వేళ్ళు లేకపోయినా చూడనట్టుండాలని. అన్నీ ఉన్నాయండీ, చక్కగా ఉన్నాడు అని చెప్పా. తర్వాత మూతి లేని ఆవిడ, కాలు లేని కుక్క. అందరూ చక్కగా ఉన్నారనే చెప్పా."

డెల్ఫీనా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. హోర్తెన్సియా కూతురి నెత్తి మీద గడ్డం ఆనించి కూర్చుండిపోయింది. తను నేర్పినవన్నీ పిల్ల ఒక్కటి కూడా మరవకుండా పాటించింది. పాటించినందుకు దాన్ని మొద్దుల్లో వేశారు. వేసినందుకు తను కృతజ్ఞతలు చెప్పింది. దుఃఖం కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది ఆమెకు, ఒళ్ళంతా మంటెత్తిపోయే సిగ్గు.

ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్ళాలని అనుకున్నారు. చోన్ వస్తే చెయ్యి చేసుకుంటాడని వద్దని, తర్జుమా చెయ్యడానికి డెల్ఫీనా తనే బయల్దేరింది. హోర్తెన్సియా రెండు మూడు రోజులు పొలంలో వంగి నడుస్తూ మొక్కలకు వినిపించేలా వల్లె వేసింది. "కాదు. మా పిల్ల మొద్దు కాదు. మీది తప్పు. వెనక్కి పంపండి." పక్క సాలు ఆవిడ విని, "ఎవరితోనే పోట్లాట? లెట్యూస్‌తోనా?" అని ఎగతాళి చేసింది. చేస్తే చేసింది. మాటలు నోటికి బాగా వచ్చేశాయి.

ప్రిన్సిపాల్ హాడ్లీ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. కాఫీ కావాలా అని అడిగాడు. వద్దండీ అంది హోర్తెన్సియా. అతను మళ్ళీ అడగలేదు. పక్కనే విట్లో టీచరమ్మ కూర్చుని ఉంది, ఆప్యాయంగా నవ్వింది. "తమాలెలు ఎంత బాగున్నాయో! మావారు ఇంకా తలుచుకుంటారు," అంది.

అంతే. హోర్తెన్సియా తల దానంతటదే కిందికి వాలిపోయింది. వల్లె వేసిన మాటల కోసం లోపల వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు. ఎదురుగా టీచరమ్మ, పక్కన పెద్దాయన, గోడ మీద జెండా. వీళ్ళ మొహాల మీద మీది తప్పు అనడమా?

"నేలి విషయంలో మీకేదైనా అభ్యంతరమా?" అని హాడ్లీ అడిగాడు. డెల్ఫీనా స్పానిష్‌లో చెప్పి, "చెప్పు పిన్నీ," అని మోచేత్తో పొడిచింది.

"మీరు పెద్దలు," అంది హోర్తెన్సియా. "మీకు తెలియందేముంది."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం ఆగాక గాని తెలియలేదు. దాన్ని వెనక్కి తీసుకోవాలని నోరు తెరిచింది, అప్పటికే హాడ్లీ తలాడిస్తున్నాడు. డెల్ఫీనా లేచి ఇంగ్లీషులో గట్టిగా ఏదో అంటుంటే అతను ఓపికగా విన్నాడు. "తల్లికి లేని ఫిర్యాదు మీకెందుకమ్మా?" అని అడిగాడు. అడిగిన తీరులో వెటకారం కూడా లేదు.

బయటికి వచ్చాక డెల్ఫీనా ఏడ్చేసింది. "ఒక్క మాట పిన్నీ! ఒక్క కాదు అనే మాట!"

"రాలేదే తల్లీ. నోట్లో లేదు. ఏం చెయ్యను?"

ఆ రాత్రి చోన్‌కు జరిగింది చెప్తే అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వెనక గదిలో ఇంకో ఏడు గడిచింది. ఒకరోజు వీధి చివరి ముసలమ్మ ఉత్తరం పట్టుకుని వస్తే నేలి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకు రాదు మామ్మా. ముందు గది పిల్లల్ని అడుగు."

"అదేంటే, పోయినేడు నువ్వేగా చదివింది మా చెల్లి పోయిన సంగతి!"

"అప్పుడు నాకు తెలీదు మామ్మా, నాకు రాదని."

వంటింట్లో ఉన్న హోర్తెన్సియా ఆ మాట వింది.

ఆ మార్చిలో పెద్ద బడి పిల్లలు క్లాసుల్లోంచి లేచి రోడ్డెక్కారు. డెల్ఫీనా, ఆమె స్నేహితులు నెలల తరబడి ఇల్లిల్లూ తిరిగింది అందుకే. స్పానిష్ మాట్లాడితే దండించొద్దు, మా చరిత్ర మాకు చెప్పండి, వెనక గది పిల్లలకు వాళ్ళ భాషలో మళ్ళీ పరీక్ష పెట్టండి అని అట్టల మీద రాసి పట్టుకున్నారు. పోలీసు బండ్లు రోడ్డుకు అడ్డంగా నిలిచాయి. హోర్తెన్సియా పొలం నుంచి పని బట్టల్లోనే వచ్చి పక్కన నిలబడింది. పిల్లలు "చికానో! చికానో!" అని అరుస్తూ పోతుంటే మొదట చెవులు మూసుకుందామనిపించింది. ఎప్పుడు వరసలో దూరిందో, ఎప్పుడు అరవడం మొదలుపెట్టిందో తెలీదు. తండ్రి తిట్టుగా వాడిన మాటను ఆయన కూతురు నడిరోడ్డు మీద గొంతు చించుకుని అరిచింది. మనుషుల మధ్య ఉంటే ఆమెకు గొంతు వచ్చింది, గదిలో ఒంటరిగా కూర్చోపెడితేనే పోతోంది.

మేస్త్రీ ట్రక్కులోంచి చూశాడు. మర్నాడు పొలానికి పోతే ఆమె తొలిక ఇంకెవరి చేతిలోనో ఉంది.

ఇంట్లో నేలి మాట్లాడటం లేదు. అడగ్గా అడగ్గా తల వంచుకుని, "నువ్వు రోడ్డు మీద టీచర్లని తిడుతూ అరిచావంట. మేడమ్ చెప్పింది. పెద్దవాళ్ళని అలా అనకూడదు కదమ్మా," అంది.

"నీ కోసమేనే అరిచింది."

"నా కోసమా? నాకేమైంది?"

పిల్ల నిజంగానే అడుగుతోంది.

లాయరొకాయన కూడా కలగజేసుకున్నాక బడివాళ్ళు దిగి వచ్చారు. స్పానిష్ వచ్చిన మనిషితో మళ్ళీ పరీక్ష పెట్టడానికి ఒప్పుకున్నారు. ఈసారి కూడా తక్కువ వస్తే ఇంక ఆ మాటెత్తకూడదని షరతు. వీధంతా పండగ చేసుకుంది. చోన్ డెల్ఫీనాను రెండు చేతులతో ఎత్తి గిరగిరా తిప్పాడు. పని పోయి ఇంట్లోనే ఉన్న హోర్తెన్సియా ఆ వారమంతా కూతురికి ఎదురు పాఠం చెప్పింది.

"కళ్ళు ఎక్కడుండాలి?"

"ఆయన కళ్ళలో."

"ఏదన్నా ఇస్తే?"

"ఠక్కున తీసుకోవాలి."

"లోపం కనిపిస్తే?"

"గట్టిగా చెప్పాలి."

"మనసులో ఉన్నది?"

"భయపడకుండా మొహం మీదే చెప్పాలి." నేలి అప్పజెప్పేసి, నమ్మకం కుదరక తల్లి వైపు చూసింది. "మరి ఇదంతా తప్పని కదమ్మా చెప్పావు?"

"అప్పుడు తప్పు. ఇప్పుడు ఒప్పు."

అంతకన్నా మంచి సమాధానం ఆమె దగ్గర లేదు. అయినా పిల్ల నేర్చుకుంది. తండ్రి మొహంలోకి గుడ్లప్పగించి చూసి, "నాన్నా, నీ ముక్కు వంకర," అని చెప్పింది. చోన్ పగలబడి నవ్వి, తర్వాత అద్దంలో చూసుకున్నాడు. హోర్తెన్సియాకు ఆశ పుట్టింది. కాలిన చోట చల్లనీళ్ళు పడ్డట్టు హాయిగా అనిపించింది. ఆశ ఎంత మోసం చేస్తుందో ఆమెకు తెలియక కాదు.

పరీక్ష పెట్టడానికి వచ్చినాయన పేరు బాల్దొమేరో రువేలాస్. జుట్టు నెరిసింది. మావాళ్ళలా మాట్లాడాడు, నేలి తాతముత్తాతల ఊరు ఏదని ముందు అడిగాడు. తల్లులు గదిలో కూర్చోవచ్చు, కాని నోరు మెదపకూడదన్నాడు. గోడ వారన పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది హోర్తెన్సియా.

నేలి కళ్ళెత్తి సూటిగా చూసింది. ఇచ్చినవి ఇచ్చినట్టు అందుకుంది. అడిగినదానికల్లా గంట కొట్టినట్టు జవాబు చెప్పింది. రువేలాస్ తలూపుతూ రాసుకుంటున్నాడు. ఒకసారి హోర్తెన్సియా వైపు చూసి కళ్ళతోనే నవ్వాడు. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడతను ఒక పేజీ ముందు పెట్టాడు. పెద్దదేం కాదు, ఏడెనిమిది వాక్యాల కథ, స్పానిష్‌లో. పక్కనే కొన్ని లెక్కలు. "ఇది చదువు తల్లీ."

నేలి పేజీ వైపు చూసింది. వేలితో మెల్లగా వెనక్కి తోసింది.

"ఇది మా గదిది కాదండీ."

"ఏ గదిదైనా ఫరవాలేదు. వచ్చినంత చదువు."

"రాదండీ. ఇవి ముందు గది వాళ్ళవి." ఎక్కడా తడబడలేదు. కళ్ళలోకి చూస్తూ, గట్టిగా, భయం లేకుండా చెప్పింది, తల్లి నేర్పినట్టే. "నాది ఎదగని బుర్రండీ. పెద్ద పరీక్ష పెట్టి కనిపెట్టారు. మీకు చెప్పలేదా?"

హోర్తెన్సియా కుర్చీ అంచు పట్టుకుంది. ఈ పిల్ల చదవగలదు. ముసలమ్మలను ఏడిపించేలా చదవగలదు. అరవాలని ఉంది, నోరు మెదపకూడదు.

రువేలాస్ రకరకాలుగా అడిగాడు. బతిమాలాడు, మరిపించాడు, మొదటి వాక్యం తనే చదివి రెండోది చదవమన్నాడు. నేలి అతన్ని చూసి జాలిపడింది. "మీ తప్పేం లేదండీ," అని ఓదార్చింది. చివరికి అతను కలం పక్కన పెట్టి హోర్తెన్సియా వైపు తిరిగాడు.

"అమ్మా, నిజానికి ఇలా చెయ్యకూడదు. మీరొక మాట చెప్పండి. మీరు చెప్తే చదువుతుందేమో."

హోర్తెన్సియా లేచి వచ్చి బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "నేలీ, నువ్వు చదవగలవే. నాకు తెలుసు. నీది మొద్దు బుర్ర కాదు."

"మేడమ్ చెప్పిందమ్మా."

"చెప్తే చెప్పింది."

"మేడమ్ చెప్పింది అబద్ధమంటావా?"

ప్రిన్సిపాల్ గదిలో రాని మాట, ఇన్నేళ్ళ బతుకులో ఏ టీచరమ్మ గురించీ అనని మాట, అప్పుడు వచ్చింది.

"అవును. అబద్ధం. ఆవిడ చెప్పింది తప్పు. వాళ్ళందరూ చెప్పింది తప్పు."

నేలి తల్లి మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. నేల మీద కూర్చున్న తల్లి భుజం మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత మొహం తిప్పి, నొచ్చుకుంటాడేమోనన్నట్టు రువేలాస్‌తో గొంతు తగ్గించి చెప్పింది.

"ఏమీ అనుకోకండి సార్. మా అమ్మ చదువుకోలేదు."